సాయంత్రమైతే చాలు ఏడుపే

ప్రశ్న: మా పాపకి 5 వారాలు. పగలంతా బానే ఉంటుంది, సాయంత్రం మొదలుపెడితే రెండు గంటలు ఆగదు. పాలిచ్చినా డైపర్ మార్చినా అంతే. నా పాలు చాలట్లేదేమో అని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం పక్కన పెట్టండమ్మా, రోజుకి 6 డైపర్లయినా తడుస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి 6 వారాలప్పుడు బాగా ఎక్కువై 3, 4 నెలలకి తగ్గిపోతుంది, అదీ ఎక్కువగా సాయంత్రాలే, అంటే మీరిప్పుడు సరిగ్గా ఆ గడ్డురోజుల్లోనే ఉన్నారు.

ఆకలైతే ఏడుపు కంటే ముందే తల అటూఇటూ తిప్పుతూ నోరు తెరుస్తుంది, చేతులు చప్పరిస్తుంది, అప్పుడే పట్టేయండి, గుక్కపట్టాక తాగించడం కష్టం. మొహం పక్కకి తిప్పేసి ఆవలిస్తుంటే నిద్ర, అప్పుడు లైట్లు తగ్గించి గుండెకి ఆనించుకుని మెల్లగా తిరగండి (చాలామంది ఇక్కడే గిలక్కాయ ఊపుతారు, పాపం బిడ్డ ఇంకా అలిసిపోతుంది). కాలివేళ్ళకి వెంట్రుక ఏమైనా చుట్టుకుని ఆ నొప్పికి ఏడుస్తుందేమో కూడా చూడండి, చాలామందికి ఇది తట్టదు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ ఉన్నా, పాలు మానేసినా, ఆకుపచ్చగా వాంతి అయినా, ఏడుపు ఎప్పుడూ లేనట్టు కీచుగా ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి.

మీకే ఓపిక అయిపోతే పాపని ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి 5 నిమిషాలు పక్కగదిలో కూర్చోండి, తప్పేం లేదు. కోపంలో గట్టిగా కుదపడం మాత్రం అస్సలు వద్దు, మెదడులో రక్తస్రావం అవుతుంది.