బీటెక్ తర్వాత టెక్ పాలసీ: దారి ఉంది, కానీ క్యాంపస్ నుంచి కాదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయనంటోంది. గూగుల్, మెటా లాంటి కంపెనీలు ప్రభుత్వాల చేత తమకు అనుకూలంగా చట్టాలు ఎలా చేయించుకుంటున్నాయో చదువుతూ, ఆ రంగంలోనే పనిచేస్తానని పట్టుబట్టింది. ‘టెక్ పాలసీ’ ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? ఎంబీఏ చేయించాలా, లా చేయించాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉన్నాయండీ. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో దొరికేవి కావు. పెద్ద కంపెనీల్లో చట్టాలు, నిబంధనలపై ప్రభుత్వానికి కంపెనీ వాదన వినిపించే పబ్లిక్ పాలసీ బృందాలు చిన్నవి, ఎక్కువగా ఢిల్లీ, గురుగ్రామ్‌లలో ఉంటాయి. వాటిలోకి లాయర్లు, పాత్రికేయులు, పరిశ్రమ సంఘాల్లో పనిచేసినవారు, మాజీ ప్రభుత్వాధికారులు కొన్నేళ్ల అనుభవంతో వెళ్తారు. ఐఏఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారు పదవీ విరమణ చేసిన ఏడాదిలోపు ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ నిబంధన ఎందుకు పెట్టారో మీ అమ్మాయిని ఆలోచించమనండి, ఈ రంగం సగం అర్థమవుతుంది.

కంపెనీల పలుకుబడి అనగానే మంత్రులతో భేటీలే గుర్తొస్తాయి. పరిచయాల పాత్ర లేదనలేం. కానీ రోజూ చేసే పనిలో ఎక్కువ భాగం రాతకోతలే. ప్రభుత్వం ముసాయిదా విడుదల చేస్తుంది, గడువు పెడుతుంది. కంపెనీలు నేరుగానూ, నాస్కామ్, ఐఏఎంఏఐ వంటి ఐటీ, ఇంటర్నెట్ కంపెనీల సంఘాల ద్వారానూ అభిప్రాయాలు పంపుతాయి. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలనీ, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలనీ కేంద్రం 2014లోనే ఒక విధానం తెచ్చింది. ఆచరణలో మాత్రం శాఖకో తీరు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ సమాధానాన్నీ పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడుతుంది, దానిపై ప్రతివాదనలకు మరో గడువిస్తుంది. డేటా రక్షణ నిబంధనల ముసాయిదాను 2025 జనవరిలో విడుదల చేసిన కేంద్ర ఐటీ శాఖ, వచ్చిన అభిప్రాయాలను బయటపెట్టబోమని ముందే చెప్పింది. పౌరులకు ఇది పెద్ద నష్టం. చట్టంలో ఏ మాట ఎవరి కోరికపై మారిందో తెలుసుకునే వీలు పోతుంది. అమెరికాలో లాబీయిస్టులు, అంటే చట్టాలు తమవారికి అనుకూలంగా ఉండేలా ప్రభుత్వాన్ని ఒప్పించే పనిలో ఉన్నవాళ్లు, మూడు నెలలకోసారి ఖర్చుల నివేదిక దాఖలు చేయాలి. మన దగ్గర లాబీయింగ్‌కు చట్టమే లేదు.

బలమున్న కంపెనీ కూడా ఎక్కడ దెబ్బతింటుందో ఫ్రీ బేసిక్స్ ఉదంతం చూపిస్తుంది. కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఆ పథకాన్ని ఫేస్‌బుక్ తెచ్చినప్పుడు, డేటాకు వేర్వేరు ధరలు పెట్టవచ్చా అని 2015 డిసెంబర్‌లో ట్రాయ్ నాలుగు నిర్దిష్ట ప్రశ్నలు అడిగింది. ఫేస్‌బుక్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి, వినియోగదారుల చేత ఒకే నమూనా ఈమెయిళ్లు లక్షల్లో పంపించింది. అవి ఫ్రీ బేసిక్స్‌కు మద్దతు పలికాయే తప్ప అడిగిన ప్రశ్నలకు జవాబివ్వలేదని ట్రాయ్ తప్పుపట్టింది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది, ఉల్లంఘనకు రోజుకు 50 వేల చొప్పున గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. ఎన్ని ఉత్తరాలు వచ్చాయన్నది అక్కడ పనికిరాలేదు.

రెండో ఉదాహరణను ఆమె చదివి ఊరుకోకుండా స్వయంగా చేసి చూడాలి. పౌరుల డేటా దేశంలోనే ఉండాలా అన్న నిబంధన 2018 ముసాయిదా, 2019 బిల్లు, 2023 చట్టంలో ఎలా ఉందో పక్కపక్కన పెట్టుకోవాలి. డేటా రక్షణ చట్టంపై కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 ముసాయిదా ప్రకారం వ్యక్తిగత డేటాకు కనీసం ఒక ప్రతి భారత్‌లోని సర్వర్‌లో ఉండాలి. 2019 బిల్లులో అది సున్నితమైన డేటాకే పరిమితమైంది. ఆ బిల్లుకు సంయుక్త పార్లమెంటరీ కమిటీ 81 సవరణలు సూచించాక 2022 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. 2023 డేటా రక్షణ చట్టం 16వ సెక్షన్ మొత్తం తలకిందులు చేసింది: ప్రభుత్వం వద్దన్న దేశాలకు తప్ప ఎక్కడికైనా పంపవచ్చు. మళ్లీ 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనల్లో, ‘ముఖ్యమైన’విగా గుర్తించిన పెద్ద సంస్థల విషయంలో కొంత డేటాను దేశం దాటనివ్వకుండా ఆపే అధికారాన్ని ప్రభుత్వం ఉంచుకుంది.

ప్రతి మార్పు పక్కనా అప్పట్లో ఎవరు ఏమన్నారో రాసుకోమనండి. డేటా దేశంలోనే ఉండాలన్న షరతును అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం తన వార్షిక నివేదికల్లో వాణిజ్య అవరోధంగా లెక్కగట్టింది. భారతీయుల డేటా భారతీయుల చేతిలోనే ఉండాలని ముకేశ్ అంబానీ 2019 జనవరిలో గుజరాత్ సదస్సులో అన్నారు. అంటే పట్టు విదేశీ కంపెనీలకే ఉందనుకోవద్దు, స్వదేశీ కంపెనీలకూ ప్రయోజనాలున్నాయి. ఇక్కడే విద్యార్థులు పొరబడతారు. నిబంధన మారింది, కంపెనీ కోరింది, కాబట్టి కంపెనీయే మార్పించిందని తేల్చేస్తారు. స్టార్టప్‌ల ఖర్చు, ఇతర దేశాలతో వాణిజ్య చర్చలు, మంత్రిత్వ శాఖల మధ్య అభిప్రాయ భేదాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ఏడాది చేయాల్సిన మరో పని: ఒక ముసాయిదాపై నిజమైన అభిప్రాయ పత్రం రాసి గడువులోగా పంపడం. మొదట నిబంధన సంఖ్య, ముసాయిదాలో ఇప్పుడున్న వాక్యం. తర్వాత దానివల్ల ఎవరికి ఏ ఇబ్బంది, సాంకేతికంగా అది ఎలా వస్తుంది. ఆ తర్వాత మార్చిన వాక్యం పూర్తిగా, చట్టంలో ఎలా ఉండాలో అలాగే. చివర కారణం. ఒక అంశానికి రెండు పేజీలు చాలు. ‘ఈ నిబంధన తొలగించాలి’ అని రాసి ప్రత్యామ్నాయ వాక్యం ఇవ్వకపోతే అధికారి చేతికి పనికొచ్చేది ఏమీ దొరకదు. యూరప్ చట్టంలోంచి పేరాలు ఎత్తి పెట్టడం కూడా అంతే, మన నియంత్రణ సంస్థలకు ఆ అధికారాలు ఉన్నాయో లేదో చూడకుండా రాస్తారు. నమూనాల కోసం ఓటీటీ సేవలపై (ఇక్కడ వాట్సాప్ లాంటి ఇంటర్నెట్ కాల్, మెసేజ్ సేవలు) 2023 జులైలో ట్రాయ్ మొదలుపెట్టిన సంప్రదింపుల ఫైళ్లు చూడమనండి. టెలికం కంపెనీల వాదన, టెక్ కంపెనీల వాదన ఎదురెదురుగా ఉంటాయి. సీఎస్‌ఈ చదివిన పిల్లకు ఇక్కడ నిజమైన బలం ఉంది. ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇతరులు చదవలేని రక్షణ) ఉన్నప్పుడు సందేశం మొదట ఎవరు పంపారో కనిపెట్టడం ఎందుకు కష్టమో ఆమె రెండు పేరాల్లో చెప్పగలదు, చాలామంది లాయర్లు చెప్పలేరు.

ఇక చదువు సంగతి. ఎంబీఏ వద్దని నా గట్టి అభిప్రాయం. బీటెక్‌తో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ప్రవేశ పరీక్ష లాసెట్ రాయవచ్చు. జనరల్ కేటగిరీకి డిగ్రీలో 45 శాతం కావాలి. పరీక్ష 90 నిమిషాలు, 120 మార్కులు, అందులో 60 లీగల్ ఆప్టిట్యూడ్‌కే. లా వద్దనుకుంటే రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది: బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో, హైదరాబాద్‌లో గీతం వారి కౌటిల్య స్కూల్‌లో. రెండిట్లో లా వైపే మొగ్గుతాను. పాలసీ ఉద్యోగం దొరకడం ఆలస్యమైనా డేటా ప్రైవసీ పని చేతిలో ఉంటుంది. 2023 డేటా రక్షణ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది కాబట్టి హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల కేంద్రాలకు ఆ పని తెలిసినవాళ్లు కావాలి.

డిగ్రీ అయ్యాక చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌కు తప్పక దరఖాస్తు చేయించండి. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 దాటకూడదు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల వరకు ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర పనిచేయాలి: ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులపై నోట్లు రాయడం.

కంపెనీలో చేరడం తప్పా అని ఆమెకు సందేహం రావచ్చు. తప్పు కాదు. కానీ మొదటి రెండు మూడేళ్లు ఎంపీ కార్యాలయంలోనో, డిజిటల్ హక్కులపై పనిచేసే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, చట్టాలపై పరిశోధన చేసే విధి సెంటర్ వంటి సంస్థల్లోనో గడిపితే, తాను కోరే మార్పు సామాన్యుడి మీద ఎలా పడుతుందో తెలిసి కంపెనీ బల్ల దగ్గర కూర్చుంటుంది. ఏ పరిశోధనా సంస్థలో చేరినా ముందు దాని వార్షిక నివేదికలో దాతల జాబితా చూడాలి. టెక్ కంపెనీ నిధులతో నడిచే సంస్థ ఆ కంపెనీపై చట్టం గురించి రాస్తుంటే, నిధుల సంగతి ఆ పత్రంలోనే చెబుతోందా అని ఇంటర్వ్యూలో అడగాలి.

ఢిల్లీకి పంపడం మీకు ఇష్టం లేకపోతే రాష్ట్రంలోనే మొదలుపెట్టవచ్చు. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల సంక్షేమానికి తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. డెలివరీ, క్యాబ్ యాప్‌లు, డ్రైవర్ల సంఘాలు దానిపై చెప్పేవి వేర్వేరు. విశాఖలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. భూమి, కరెంటు, నీటి విషయంలో రాష్ట్రం ఏమిస్తుందో జీవోల్లో వెతకాలి. తెలుగు చదవగలిగి, జీవో భాష అర్థమై, సర్వర్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు ఇక్కడ తక్కువ.

జీతం సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మొదటి కొన్నేళ్లు క్లాస్‌మేట్ల సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువే వస్తుంది. చదువు అప్పు ఉంటే ఏడాది రెండేళ్లు ఉద్యోగం చేస్తూ రాత సాధన కొనసాగించి, ల్యాంప్ వయోపరిమితి దాటకముందే ఇటు రావచ్చు.