కమలాబాయి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

తెలుగు తొలి టాకీ కథానాయిక, సురభి నాటక సమాజం నటి సురభి కమలాబాయి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. వాక్యం ఎక్కడ ఆపాలో నీకు తెలుసు, నీ వయసుకి అది చిన్న సంగతి కాదు. కానీ మొదటి పేరాలో ఆవిడ రంగస్థలం మీద పుట్టింది, చివరి పేరాలో ఎవరూ తలుచుకోకుండా పోయింది. మధ్యలో అరవై ఏళ్లు దాటి బతికిన మనిషి ఏం పని చేసిందో చెప్పడానికి మూడు పేరాలు కూడా ఖర్చు పెట్టలేదు నువ్వు.

తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చాయనీ, తెర దించి అక్కడే పురుడు పోశారనీ చెప్పే కథ నాకూ ఇష్టమే. అయితే ఆవిడ మీద వచ్చే ప్రతి వ్యాసమూ దానితోనే మొదలవుతుంది. తీసెయ్యమనను. ‘అని సురభివాళ్లు చెప్పుకుంటారు’ అని ఒక్క వాక్యం రాసి ముందుకు నడువు. నీ పాఠకుడికి అంతకంటే అక్కరైన ప్రశ్న ఇంకోటుంది. తెలుగులో మొదటి టాకీ, అంటే మాటలున్న సినిమా, తియ్యాలనుకున్నప్పుడు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డికి ఈవిడే ఎందుకు కావలసి వచ్చింది?

1913లో మూగ సినిమాల దర్శకుడు ఫాల్కే హరిశ్చంద్ర కథ తీస్తే తారామతి వేషానికి ఆడమనిషి దొరకలేదు. వంటవాడు సాళుంకేకి చీర కట్టించాడు. అదే ఏడాది తర్వాతి సినిమాకి దుర్గాబాయి కామత్, ఆవిడ కూతురు కమలాబాయి (మన కమలాబాయి కాదు) ముందుకొచ్చారు. మన నాటకాల్లోనూ అంతే కదా, స్థానం నరసింహారావు గారి సత్యభామను చూడటానికి జనం విరగబడేవారు. సురభివాళ్ల పద్ధతి వేరు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ సమాజంలో ఇంటి ఆడవాళ్లే ఆడ వేషాలు కట్టారు. కమలాబాయికి నటన ఒక వృత్తిగా ఎంచుకోవలసిన అవసరమే రాలేదు, అది ఇంటి పని. పైగా రెడ్డి గారు తీసిన ఆ టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభివాళ్లు ఆడుతున్న నాటకమే, ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిది. పద్యం నోట్లో ఉంది, గొంతు జనానికి అలవాటైన గొంతు. ఇంక రిహార్సల్ దేనికి? రెడ్డి గారు ఆ సమాజాన్నే బొంబాయికి రప్పించుకున్నారు. లీలావతి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య.

ఇక్కడ నువ్వు ఆగాలి. ఆ రోజుల్లో టాకీలో పాడటం ఎలా ఉండేదో రాయి. నీ వ్యాసంలో ‘ఆవిడ అద్భుతంగా పాడేది’ అని ఉంది. దానివల్ల నాకు ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. ప్లేబాక్ లేదమ్మా అప్పుడు. కెమెరా తిరుగుతున్నంతసేపూ నటే పాడాలి, ఆ పాటే ఫిల్ము మీద పడుతుంది. హార్మోనియం, తబలావాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కనో, చెట్టు చాటునో కూర్చునేవారు. మైకు ఏ కొమ్మల మధ్యో, తలకు పైన ఫ్రేముకి అవతలో ఉండేది. నాటకంలో ఆఖరి బెంచీవాడికి వినపడేలా ఎత్తిన గొంతు ఇక్కడ మైకు ఉన్న చోటుకి సరిపోవాలి, తల అటు తిప్పితే మాట పోతుంది. చరణం చివర్లో ఎవరైనా దగ్గితే పాటంతా మొదటినుంచి పాడాలి. ఆరుబయట కాకి అరిచినా అంతే. పాడుతూ ఏడవాలి, ఏడుస్తూ శ్రుతి తప్పకూడదు. లీలావతి కొడుక్కి విషం ఇవ్వలేక కుమిలిపోయే తల్లి. ఆ పాత్రను ఆ అవస్థలో నిలబెట్టడమంటే ఏమిటో ఒక్క పేరా రాస్తే ‘తొలి తార’, ‘వెండితెర వేలుపు’ లాంటి బిరుదులన్నీ వ్యాసంలోంచి నువ్వే తీసేస్తావు.

ఆ తర్వాత 1943లో ‘భాగ్యలక్ష్మి’లో నటి కమలా కోట్నీస్‌కి బదులు గాయని బాలసరస్వతీ దేవి పాడింది. అక్కడితో నటికి పాట రావాలన్న షరతు మెల్లగా సడలింది. పాటతో వచ్చినవాళ్ల స్థానంలో ముఖంతో వచ్చేవాళ్లకి దారి పడింది. మంచా చెడా అని తీర్పు చెప్పకు, మారిందని చెప్పు చాలు.

ప్రయాణాలు కూడా వదిలేశావు. అప్పటికి మనవైపు శబ్దం పట్టే స్టూడియో లేదు. మద్రాసులో 1934లో మొదలయ్యాయి, రాజమండ్రిలో దుర్గా సినీటోన్ 1936లో. అందుకే కమలాబాయి బొంబాయి వెళ్లింది. 1934లో ‘లవకుశ’లో సీత వేసిన శ్రీరంజని కలకత్తా వెళ్లింది. నాటకాల కోసం ఊరూరూ తిరిగిన ఆడవాళ్లే అయినా, మాట తెలియని ఊళ్లో నెలల తరబడి ఉండి పని చెయ్యడం వేరే సంగతి.

కాంచనమాల గురించి నువ్వు వేరే వ్యాసం రాస్తానన్నావు. రాయి, కానీ జాగ్రత్త. ‘మాలపిల్ల’ (1938), ‘వందేమాతరం’ (1939), ‘బాలనాగమ్మ’ (1942) తర్వాత ఆవిడ దాదాపు కనపడదు. ఎందుకు కనపడలేదన్న దాని మీద మనవాళ్లు అల్లిన కథలు ఒక సంచికకి సరిపోతాయి. సినిమా కంపెనీతో ఒప్పందం గొడవ సంగతి రాయి. మతి గురించి, మంచం గురించి విన్నవి రాయకు. బతికుండగా ఆవిడ వెనక చెప్పుకున్న మాటలకి చచ్చిపోయాక అచ్చుకెక్కే హక్కు రాదు. దానికి బదులు ‘మాలపిల్ల’నే పట్టుకో. అంటరాని పిల్ల పాత్ర వేసిన కాంచనమాల ఫోటోలు కేలండర్లుగా గోడలకెక్కాయి. కేరళలో మూగ సినిమా కాలంలో పి.కె. రోసీ అనే దళిత స్త్రీ నాయర్ ఇల్లాలి పాత్ర వేస్తే హాల్లో తెర మీద రాళ్లు పడ్డాయి, ఆవిడ ఊరొదిలి పారిపోవలసి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే వ్యాసం దానంతట అదే నడుస్తుంది.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడకు. దాసరి కోటిరత్నం నాటక సమాజం నడిపిన మనిషి, 1935లోనే సినిమా నిర్మాణంలోకి దిగింది. కన్నాంబ భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరి సంస్థ నడిపింది. భానుమతి 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసి, తానే నటించి, తానే దర్శకత్వం వహించింది. కృష్ణవేణిని చూడు. 2025లో నూరేళ్లు నిండాక పోయింది. ‘మనదేశం’ (1949) తీసింది ఆవిడే. ఆ సినిమా పేరెత్తితే ఎన్టీఆర్ మొదటి సినిమా అంటారు, ఘంటసాల సంగీతం అంటారు, ఇంకా గుర్తుంటే మీర్జాపురం రాజావారి భార్య నిర్మాత అంటారు. నువ్వు ఆ వరస తిరగెయ్యి. ఎవరిని తీసుకోవాలో నిర్ణయించిన మనిషి పేరుతో మొదలుపెట్టు.

తేదీల సంగతి. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని రాశావు. చాలా కాలం అందరూ అదే రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చాడు. 1931లో వచ్చింది ‘కాళిదాసు’, అందులో టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే ఎదుటివాళ్లు తెలుగు మాట్లాడారు. నువ్వు కూడా వ్యాసాలు చూసి వ్యాసం రాయకు. పాటల పుస్తకాలు వెతుకు. హాళ్ల దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో నటుల పట్టిక ఉంటుంది, కథాసారాంశం ఉంటుంది. పాత ‘ఆంధ్రపత్రిక’ ప్రకటనలు చూడు. ‘భక్త ప్రహ్లాద’ చూద్దామంటే మనకి దొరకదు కనుక కాగితమే గతి.

కమలాబాయి మాత్రం దొరుకుతుంది. ‘పాతాళభైరవి’ (1951)లో తోట రాముడి తల్లి ఆవిడే. తెలుగువాళ్లలో సగం మంది ఆ ముఖాన్ని చూశారు, పేరు తెలియదు. ఆ సినిమా మళ్లీ పెట్టుకుని రాముణ్ణి కాదు, తల్లిని చూడు. కొడుకు మీద బెంగపడేటప్పుడు మాట ఎక్కడ తగ్గిస్తుందో, నాటకం గొంతు ఎక్కడ పైకి వస్తుందో రాసుకో. తొలి హీరోయిన్ తల్లి వేషాలకి దిగిందని జాలిపడే వాక్యం ఒకటి నీ వ్యాసంలో ఉంది, అది కొట్టెయ్యి. లీలావతి కూడా తల్లి వేషమే.

ఇంకొకటి. వ్యాసంతో పాటు పంపిన రెండో ఫోటో నాకు అనుమానంగా ఉంది. ఫాల్కే సినిమాలో వేసిన మరాఠీ కమలాబాయి ఫోటో మనావిడ పేరుతో చాలాచోట్ల తిరుగుతోంది. ‘పాతాళభైరవి’ ముఖంతో పోల్చి చూసుకుని, కొత్త ప్రతితో పాటు పంపు.

ఆశీస్సులతో,
మీ మేష్టారు