ఏడ్చి ప్రార్థించినా మళ్లీ అదే తప్పు చేస్తుంటే అది పశ్చాత్తాపమేనా?

మీ ప్రశ్న ఇదీ: తప్పు ఒప్పుకుని ఏడ్చారు, ప్రార్థించారు, వారం తిరక్కుండా మళ్లీ అదే చేశారు, మరి మొదటిది ఉత్తిదేనా అని.

కన్నీళ్లు దానికి కొలత కాదండి. కొత్త నిబంధనలో వాడిన గ్రీకు మాట 'మెటనోయా'. తెలుగు బైబిల్లో అది 'మారుమనస్సు'. నాకు ఈ మాటే ఇష్టం. పశ్చాత్తాపం వెనక్కి చూసి కుమిలిపోవడం దగ్గరే ఆగిపోవచ్చు, మారుమనస్సులో మళ్లడం ఉంది.

యేసు శిష్యులు యూదా, పేతురు ఇద్దరూ ఒకే రాత్రి తప్పారు. యేసును పట్టించిన యూదా కూడా బాధపడ్డాడు, అందుకు తీసుకున్న 30 వెండి నాణేలు తిరిగిచ్చేశాడు, పాపం చేశానని ఒప్పుకున్నాడు. అక్కడితో ఆశ వదులుకున్నాడు. యేసెవరో ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు మాత్రం, తర్వాత యేసు ఒడ్డున కనబడగానే పడవలోంచి నీళ్లలోకి దూకి మరీ వెళ్లాడు.

జక్కయ్య సంగతి లూకా సువార్త 19లో ఉంది. సుంకం వసూలుదార్లకు పెద్ద. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానని అన్నాడు. అయితే నీ ఇంటికి వస్తానని యేసు అన్నది అంతకు ముందే. అంటే క్షమాపణ కృప, ఆ చెల్లింపు దానికి రుసుము కాదు.

మళ్లీ పడటం వల్ల మొదటిది అబద్ధమైపోదు. మారడం బతికినన్నాళ్లూ సాగే పని. ఈసారి 'నేను పాపిని' అని గుండుగుత్తగా అనకండి. ఎవరికి, ఏం చేశారో విడమరిచి చెప్పండి. డబ్బయితే తిరిగివ్వండి, అబద్ధమైతే ఆ మనిషికే ఫోన్ చేయండి. నమ్మకమైన విశ్వాసి ఒకరికి చెప్పుకుని, కలిసి ప్రార్థించండి. యాకోబు పత్రిక 5:16 చెప్పేదీ అదే.