మార్చి 31లోపు ఉస్మానియాకు విరాళం ఇస్తే పన్ను ఎంత తగ్గుతుంది?

ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, ఇప్పుడు ఉద్యోగం చేస్తూ 50,000 రూపాయలు ఇవ్వాలనుకుంటున్నానని అడిగారు. చాలా మంచి ఆలోచన. 1918 నుంచి ఎన్ని వేల పేద ఇళ్ల పిల్లల్ని చదివించిన చోటు అది!

ముందు మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. విరాళాలకు ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే 80జీ మినహాయింపు పాత విధానంలోనే దొరుకుతుంది. కొత్త విధానంలో ఉంటే విరాళం ఇవ్వొచ్చు, కానీ పన్నులో పైసా తగ్గదు.

పాత విధానమే అనుకుందాం. ఇచ్చిందంతా పన్నులోంచి పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, తగ్గేది పన్ను వేసే ఆదాయం. విరాళం 50 శాతం వర్గంలోకి వస్తే, అంటే సగానికే మినహాయింపు ఉంటే, ఆదాయంలోంచి 25,000 మినహాయిస్తారు. 30 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి పన్నులో తగ్గేది 7,800. నూరు శాతం వర్గమైతే 15,600. ఏ వర్గమో, 80జీ అనుమతి ఏ ఖాతాకు ఉందో డబ్బు పంపకముందే యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. యూనివర్సిటీకీ, పూర్వ విద్యార్థుల సంఘానికీ అనుమతులు వేరువేరు.

2,000 దాటితే నగదు చెల్లదు; చెక్కు, యూపీఐ, బ్యాంకు బదిలీ ఏదైనా సరే. పుస్తకాలు, కంప్యూటర్లు ఇచ్చినా మినహాయింపు రాదు. పాన్ తప్పకుండా ఇవ్వండి, దాని ఆధారంగానే విరాళం తీసుకున్నవాళ్లు 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ ఇస్తారు. రిటర్ను వేసేటప్పుడు అడిగేది అదే, మామూలు రసీదు ఒక్కటే సరిపోదు.