చదువుకు పోతున్న మేనకోడలికి

బిడ్డా,

సౌందర్యశాస్త్రం, విమర్శ సిద్ధాంతం చదవడానికి నీకు సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో బొమ్మలేసేవాళ్ళు ఉన్నారు గానీ, కళ గురించి ఇంత లోతుగా చదవబోయేది నువ్వొక్కదానివే. గర్వంగా ఉంది. టెన్షన్ కూడా పట్టుకుంది.

ఫీజు, హాస్టల్ నువ్వే చూసుకుంటావు. జర్మన్ తత్వవేత్త కాంట్ అందం గురించి 1790లో రాసిన పుస్తకం ఎవరికైనా కష్టమే, ఒక్కో పేజీ నాలుగుసార్లు చదవాల్సొస్తే చిన్నబుచ్చుకోకు.

నా భయం వేరు. నల్లగొండలో నాతోపాటు సైన్‌బోర్డులు రాసిన దోస్తు ఒకడుండేవాడు. బోనమెత్తిన ఆడమనిషిని గీస్తే మెడ నిలబడిన తీరులోనే కుండ బరువు తెలిసేది. వాడూ నీలాగే చదవడానికి పోయాడు. తిరిగొచ్చాక ముందు కాగితం మీద అర్థం రాసుకునేవాడు: శ్రమ, అధికారం, చూపు. ఆ తర్వాత దానికి సరిపోయేట్టు బొమ్మ వేసేవాడు. ఒకరోజు నా కళ్ళముందే ఆకుపచ్చ పక్కన కాస్త కుంకుమరంగు పడి చీరకు ప్రాణమొచ్చింది. ‘ఇది వట్టి అలంకారమైపోతోంది’ అని గుడ్డతో తుడిచేశాడు. రానురాను వేయడం తగ్గింది, తుడవడం పెరిగింది. చివరికి తెల్ల ప్రైమర్ పూసిన కాన్వాసులు గోడకు ఆనించే ఉండిపోయాయి. తప్పు చదువుది కాదు. బొమ్మ వేశాక అడగాల్సిన ప్రశ్నలు బ్రష్ పట్టకముందే అడిగాడు. అంత మంచి చేయి బిడ్డా! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే ముందే తిడుతున్నా: పరీక్షలున్నా సరే, గీయని రోజు ఉండొద్దు.

పోయేముందు నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయి రా. లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పగలంతా ఉంటుంది. అది ఒక్క స్తంభానిది కాదు, చాలా స్తంభాల మధ్యనుంచి చెదిరి వచ్చే వెలుతురు చేసేది. చాలాసేపు కూర్చుని గీయి, ఆ తర్వాతే ఫోన్లో ఫొటో తీయి. కళను యంత్రాలతో నకలు తీయడం గురించి జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ 1930లలో రాసిన వ్యాసం, నీ బొమ్మా ఫొటో రెండూ పక్కన పెట్టుకుని చదువు. యంత్రం తీసిన నకలులో అసలుకున్న ‘ఇక్కడ, ఇప్పుడు’ పోతుందంటాడు, పూజకు కట్టుబడ్డ కళ దానివల్లే విడుదలవుతుందనీ అంటాడు. రెండో మాట నిజమో కాదో ఆ గుడిలో కూర్చుని నువ్వే తేల్చుకో. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన రసం, దానిమీద కాశ్మీర పండితుడు అభినవగుప్తుడి వ్యాఖ్య సిలబస్‌లో లేకపోతే ఎందుకు లేవని అడుగు, మొహమాటపడకు.

హాస్టల్ గదిలో ఈజిల్‌కు జాగా ఉండదు. బయట చిన్న గది చూసుకో, కిరాయి నేను పంపిస్తా. టర్పెంటైన్ ఉన్న గదిలో కిటికీలు మూసుకుని పడుకోకు.

మీ మామ