కీటన్ రైలు, నవ్వని మొహం

ప్రశ్న: బస్టర్ కీటన్ మూకీ సినిమా ‘ది జనరల్’ ఆహా ఓహో అంటారు. మొన్న చూస్తే రెండు మూడు చోట్లే నవ్వొచ్చింది. లోపం నాదా, సినిమాదా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీది కాదులెండి. 1926 నాటి ఈ సినిమా పగలబడి నవ్వించేకంటే ‘అమ్మో, ఎలా చేశాడు!’ అనిపించే రకం. కదులుతున్న ఇంజను ముందు కూర్చున్నాడు కీటన్, చేతిలో బరువైన దుంగ. పట్టాల మీద మరో దుంగ. చేతిలోది దాని కొస మీదకు విసిరితే రెండూ ఎగిరి పక్కన పడతాయి. మొహంలో మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. వంతెన కూలి నదిలో పడే రైలు కూడా బొమ్మ కాదు, అమెరికాలోని ఆరెగాన్‌లో నిజం ఇంజనునే పడేశారు.

నాకు ఇంకా ఇష్టమైన సీను వేరే. బొగ్గు కాదు, కట్టెలతో నడిచే ఇంజను. కీటన్ వెటకారంగా చిన్న పుల్ల అందిస్తే హీరోయిన్ దాన్నీ బుద్ధిగా పొయ్యిలో వేస్తుంది. కీటన్ ఆమె పీక పట్టుకుని ఊపేసి, వెంటనే ముద్దు పెట్టేస్తాడు!

చివరి యుద్ధం మాత్రం సాగదీతే. హీరోయిన్‌ని గోనెసంచిలో మూటకట్టి సామానులా పడేయడం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, హీరో అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం. ఆ పక్షం నిలబెట్టాలనుకున్న బానిసత్వం గురించి ఒక్క ముక్కా లేదు. కామెడీ కదా అని నేను సర్దుకుపోలేను.

మళ్లీ చూస్తే మంచి సంగీతం ఉన్న ప్రింటు వెతుక్కోండి, టెంపో మారిపోతుంది.