యాప్ ఉంది, బుకింగ్‌లు లేవు

ప్రశ్న: మేము ముగ్గురం బీటెక్ ఆఖరి ఏడాది. విశాఖలో చిన్న లాడ్జీల గదులు బుక్ చేసుకునే యాప్ తయారుచేశాం. అరవై మంది ఓనర్లు చేరారు. నాలుగు నెలల్లో ముప్ఫై బుకింగ్‌లు కూడా రాలేదు. ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి నేరుగా ఓనర్‌కే ఫోన్ చేస్తున్నారు. ఓయో రితేశ్ అగర్వాల్‌లా చదువు మానేసి పూర్తిగా దిగిపోదామా?
- ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: మానకండి. రితేశ్‌కు 2013లో థీల్ ఫెలోషిప్ వచ్చింది, అమెరికా పెట్టుబడిదారు పీటర్ థీల్ కుర్రాళ్లకిచ్చే సాయం అది. చదువు పక్కన పెట్టాలన్నది దాని షరతు, అందుకు అప్పట్లో లక్ష డాలర్లు ఇచ్చేవారు. మీకు ఆ షరతూ లేదు, ఆ డాలర్లూ లేవు.

రితేశ్‌ది మన పక్కనున్న ఒడిశాలోని రాయగడ జిల్లానే. 2012లో ఆయన పెట్టిన ఒరావెల్ కూడా మీ యాప్ లాంటి గదుల జాబితానే. చవక గదుల్లో స్వయంగా బస చేస్తే అసలు సంగతి తెలిసింది: గది దొరక్క కాదు ఇబ్బంది, దొరికిన గది ఎలా ఉంటుందోనన్న భయం. గురుగ్రామ్‌లో ఒక్క హోటల్‌తో ఓయో మొదలైంది. మీ కస్టమర్లు ఓనర్‌కే ఫోన్ చేస్తున్నారంటే, గదిలో మీరు చేసిపెట్టింది ఏమీ లేదనే.

అరవైని అలా ఉంచి, ఎనిమిది గదులున్న ఒక్క బిల్డింగ్ పట్టుకుని గదుల బాగోగులు మీరే చూడండి. మంచానికి మూడు జతల దుప్పట్లు ఉండాలి: ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండు జతలతో సరిపెడితే వానాకాలంలో దొరికిపోతారు. ఇక్కడి తేమకు బట్ట రెండు రోజులైనా ఆరదు, సగం ఆరింది పరిస్తే గదంతా ముక్కవాసన. లాసన్స్ బే వైపైతే ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ తుప్పు పడుతుంది. ఆ సర్వీసు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించండి. ఓనర్‌కు నెలకింత గ్యారంటీ అని మాత్రం మాటివ్వకండి, గదులు ఖాళీగా ఉన్న నెల మీ జేబుకే చిల్లు.

ఉదాహరణకు, ఎనిమిది గదులంటే నెలకు 240 రాత్రులు. అరవై శాతం నిండితే 144. రాత్రికి 900 చొప్పున 1,29,600 రూపాయలు, అందులో మీ వాటా ఇరవై శాతం అనుకుంటే 25,920. గదులు చూసుకునే కుర్రాడి జీతం 12,000, ఉతుకుకు రాత్రికి 40 చొప్పున 5,760 పోతే మిగిలేది 8,160. అదీ ముగ్గురికి! గది బాగుందని చూపి రేటు పెంచగలిగితేనే రెండో బిల్డింగ్ జోలికి వెళ్లండి.

ఇక జీఎస్టీ. టర్నోవర్ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు దాటలేదు కదా అని ధీమాగా ఉండకండి. రిజిస్ట్రేషన్ లేని లాడ్జి గది యాప్ ద్వారా అమ్ముడైతే, సెక్షన్ 9(5) ప్రకారం పన్ను కట్టాల్సింది యాప్ నడిపేవాళ్లే, అదీ మొదటి బుకింగ్ నుంచే. ఇప్పటిదాకా వచ్చిన ఆ కాసిని బుకింగ్‌ల కాగితాలు తీసుకుని ఈ వారమే ఒక సీఏని కలవండి.